ఆగు అనే మాట లేని భాష

కైకలూరు వైపు రొయ్యల చెరువులు చేసుకునేవాళ్లు తమ అప్పు కాగితాన్ని తామే చదువుకోగలగాలని జాయ్సీ ఒక కంప్యూటర్ భాష తయారుచేసింది. దానికి తేట అని పేరు పెట్టింది.

ఆ ఆలోచన వాళ్ల నాన్న వల్ల వచ్చింది. సత్యవేదం మాస్టారు మిషన్ స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన చర్చి వరండాలో కూర్చుంటే ఊళ్లోవాళ్లు బ్యాంకు కాగితాలు పట్టుకొచ్చేవారు. ఆయన కళ్లజోడు సర్దుకుని, ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పి, ఎక్కడో ఒకచోట వేలు పెట్టి ఇక్కడ కాస్త జాగ్రత్తండీ అనేవారు. ఆయన పోయాక ఆ పని చేసేవాళ్లు లేరు. చూపించిన చోటల్లా జనం సంతకాలు పెట్టేయడం మొదలైంది.

జాయ్సీ అప్పటికి హైదరాబాద్‌లో బ్యాంకులకి సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగంలో ఉంది. అక్కడ ఒక సంగతి ఆమెకి మింగుడుపడేది కాదు. కాగితం మీద ఒకటి ఉంటుంది, అప్పుని నడిపే ప్రోగ్రాంలో ఇంకొకటి ఉంటుంది. రెండింటికీ తేడా వస్తే చెల్లేది ప్రోగ్రామే. కాగితం రాసిన లాయరుకి ప్రోగ్రాం తెలియదు, ప్రోగ్రాం రాసిన కుర్రాడు కాగితం చూడడు, అప్పు తీసుకున్న మనిషికి రెండూ తెలియవు. ఆ రెండూ ఒకటే అయితే ఎలా ఉంటుందని ఆమె ఆలోచించింది. మామూలు తెలుగు వాక్యాల్లో ఒప్పందం రాయాలి, ఆ వాక్యాల్నే కంప్యూటరు అమలు చేయాలి. మధ్యలో ఎవరూ తర్జుమా చేయకూడదు.

రెండు మూడేళ్లు సెలవుల్లో, ఆదివారాల్లో కూర్చుని ఆ భాషని తయారుచేసింది. ఏలూరు పవర్‌పేటలో ఆక్వా రైతులకి అప్పులిచ్చే ఒక ఫైనాన్స్ కంపెనీ ఉంది. దాని మేనేజరు ప్రసాదరావుగారు అది చూసి ముచ్చటపడ్డారు. ఇక్కడికే వచ్చేయమ్మా, మనవాళ్లకి పనికొస్తుంది అన్నారు. జాయ్సీ హైదరాబాద్ వదిలేసి వచ్చింది.

తేట గురించి ఆమె గర్వపడే విషయాలు రెండు. చదువొచ్చిన ఎవరైనా దాన్ని చదవగలరు, అది ఒకటి. ఒకసారి సంతకం అయ్యాక ఒప్పందంలోకి ఎవరి చెయ్యీ దూరదు, అది రెండోది. రెండోదాని కోసం ఆమె చాలా పట్టుబట్టింది. చిన్నప్పుడు చర్చి వరండాలో నాన్న పక్కన కూర్చునే ఆమె చూసింది. కొందరి బాకీకి గడువు పెరిగేది, కొందరి ఇంటి ముందుకు మాత్రం మర్నాడే జప్తు జీపు వచ్చేది. ఎవరికి పెరుగుతుందో, ఎవరికి జీపు వస్తుందో వాళ్ల ఇంటి పేర్లని బట్టి ముందే చెప్పేయొచ్చు. అందుకే ఆమె భాషలో ఆగు అనే మాటే లేదు. ఉంటే అది ఎవరో ఒకరి చేతిలో ఉంటుంది. ఎవరి చేతిలో ఉంటే వాళ్లవాళ్లకే అది పనిచేస్తుంది. రాసింది రాసినట్టు అందరికీ ఒకేలా జరగాలి, అంతే.

ఆమె అన్నయ్య ఏసుకుమార్ పదో తరగతితో చదువు ఆపేసి చెరువుల్లోకి దిగాడు. కైకలూరు అవతల లీజుకి తీసుకున్న చెరువు అతనిది. ఆ పక్క గట్టు తాతారావుది. ఇద్దరూ చిన్నప్పటినుంచీ ఒకే బెంచీ. ఒకడి చెరువులో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్ చెడిపోతే రెండోవాడు తనది విప్పి పట్టుకెళ్లేవాడు. తాతారావు భార్య లక్ష్మీదుర్గది గుండుగొలను. పెళ్లయి వచ్చిన రోజు నుంచీ జాయ్సీకి ఆమె వదినే. జాయ్సీ సెలవుకి వచ్చిందని తెలిస్తే చేపల పులుసు గిన్నె పట్టుకుని గట్టు మీద నడిచొచ్చేసేది.

తేటలో రాసిన మొదటి ఒప్పందాల్లో అన్నయ్యదీ ఉంది. ఆ రోజు ఏసుకుమార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏలూరు వచ్చాడు. ఆఫీసులో అందరి ముందూ నిలబడి ఒప్పందాన్ని పైకి చదివాడు.

"రొయ్య ధర అనుకున్న మట్టానికి కిందికి పడితే, బాకీ మొత్తం వెంటనే కట్టాలి. కట్టలేకపోతే, హామీ ఇచ్చినవారి చెరువు నుంచి తీసుకోవాలి."

చదవడం అయ్యాక చెల్లెలి వైపు చూసి నవ్వాడు. నాన్న అక్కర్లేకుండా చేసేశావు కదే అన్నాడు. ఆ మాటకి జాయ్సీకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

లీజు చెరువు తాకట్టుకి పనికిరాదు కాబట్టి ప్రతి రైతుకీ ఇంకో రైతు హామీ ఉండాలని కంపెనీ నియమం. ఏసుకుమార్‌కి తాతారావు హామీగా నిలబడ్డాడు. తాతారావు కాగితం చదివే ఓపిక లేనివాడు. నువ్వు చదివావు కదరా, చాలు అన్నాడు. ఏసుకుమార్ ఊరుకోలేదు. మా చెల్లి రాసింది, విను అని కూర్చోబెట్టి మాట మాటా చదివి వినిపించాడు. తాతారావుకి ఇంకొకరు, ఆయనకి మరొకరు, అలా చెరువు పక్క చెరువు హామీలు సాగాయి. ఆ వరసలో చివరిమనిషికి హామీ ఇచ్చింది మళ్లీ ఏసుకుమారే. ఎవరి కాగితం వాళ్లు చక్కగా చదువుకున్నారు. అన్నీ కలిపి చదవడానికి ఒక కాగితం అంటూ లేదు.

ఒక ప్రోగ్రాంలో ముక్కలు ఒకదాన్నొకటి ఆనుకుని గుండ్రంగా తిరిగితే పట్టుకునే పరీక్ష తేటలో ఉంది. జాయ్సీయే పెట్టింది. కానీ ఒక్కో ఒప్పందం ఒక్కో విడి ప్రోగ్రాం. ఒకదాంట్లో తప్పు పక్కదానికి పాకకూడదని ఆమె కావాలనే వాటిని విడివిడిగా ఉంచింది. భాషలు తయారుచేసేవాళ్లు అది మంచి పద్ధతి అంటారు. ఆమె చదువుకున్న పుస్తకాలన్నీ అదే చెప్పాయి.

రెండు పంటలు బాగా వచ్చాయి. కంపెనీ చుట్టుపక్కల మండలాలకి కూడా తేట ఒప్పందాలు ఇచ్చింది. కాగితం అర్థమవుతోంది కాబట్టి జనం భయపడకుండా తీసుకున్నారు. ఇదివరకు అప్పంటే గుమ్మం దాటనివాళ్లు కూడా వచ్చారు.

మూడో పంట చెరువుల్లో ఉండగా, మన రొయ్య కొనే దేశం సుంకం పెంచిందని వార్త వచ్చింది. ఎగుమతి కంపెనీలు కొనడం తగ్గించాయి. ధర ఒప్పందాల్లో రాసుకున్న మట్టానికి కొంచెం పైనే రెండు రోజులు ఊగి, ఒక ఉదయం దానికంటే కాస్త కిందికి దిగింది. ఆ కాస్త చాలు. తేటకి కాస్త అనే మాట తెలియదు. ఒకే సమయంలో ఆ మట్టం రాసుకున్న అందరి ఫోన్లకీ మెసేజి వెళ్లింది, బాకీ మొత్తం వెంటనే కట్టాలని.

కట్టాలంటే రొయ్యలు పట్టాలి. అందరూ ఒకేసారి వలలు దించారు. కైకలూరు రోడ్డు పొడుగునా లారీలు నిలిచిపోయాయి. ఐస్ ఫ్యాక్టరీల్లో ఐసు అయిపోయింది. ట్రేలలో రొయ్య పాడై ఎర్రబడిపోతుంటే, కొనేవాళ్లు నోటికొచ్చిన ధర చెప్పారు. ఆ ధర చూసి, ఇంకా కింది మట్టం రాసుకున్న ఒప్పందాలు కూడా మేల్కొన్నాయి. ఇంకొంతమంది వలలు దించారు. ధర ఇంకా పడింది.

జాయ్సీ ఆఫీసులో స్క్రీన్ ముందు కూర్చుని అదంతా చూస్తూ ఉంది. ప్రోగ్రాంలో ఒక్క తప్పు లేదు. ప్రతి ఒప్పందం తనలో రాసి ఉన్నది రాసినట్టు చేస్తోంది. కొల్లేటిలో ఎవరి గట్టు వాళ్లు గట్టిగా పోసుకుంటారు. వానాకాలం పైనుంచి నీళ్లు వచ్చినప్పుడు, ఆ గట్టి గట్లన్నీ కలిసి నీటికి దారి లేకుండా చేస్తాయి. తను కూడా గట్లే పోసిందని అప్పుడు అర్థమైంది ఆమెకి. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తియ్యకుండానే లేచి ప్రసాదరావుగారి గదిలోకి వెళ్లింది. ఒక వారం ఆపండి సార్, ధర నిలబడుతుంది, అందరూ బతుకుతారు అంది.

ప్రసాదరావుగారు చెడ్డమనిషి కాదు. ఆయన ముఖం కూడా వాడిపోయి ఉంది.

"ఎక్కడ ఆపనమ్మా? చూపించు. నువ్వే కదా ఎవరి చెయ్యీ దూరకూడదన్నావు."

సర్వర్లు ఆపేస్తే సరిపోతుంది కదా అంది జాయ్సీ. సంతకాలున్న ఒప్పందాలు అమలు కాకపోతే, మాకు అప్పిచ్చిన బ్యాంకులు మమ్మల్ని ఆపేస్తాయని ఆయన చెప్పారు. వాళ్లతో కంపెనీ రాసుకున్న ఒప్పందం కూడా తేటలోనే ఉంది.

ఏసుకుమార్ చెరువు మొత్తం పట్టినా బాకీలో సగానికి కూడా రాలేదు. మిగతాది తాతారావు మీదికి వెళ్లింది. తాతారావు చెరువులో రొయ్యలు ఇంకా చిన్నవి. ఇంకో నెల మేత తింటే గానీ అమ్ముడయ్యే కౌంటుకి రావు. అయినా కంపెనీ మనుషులు లారీతో వచ్చి గట్టు మీద నిలబడ్డారు. ఏసుకుమార్ వాళ్లని బతిమాలాడు. తన ఏరియేటర్లు, మోటారు, బండి అన్నీ తీసుకోమన్నాడు. వాళ్లు పాపం ఫోన్ చూపించారు, అక్కడ చెరువు అని ఉందండీ అన్నారు.

తాతారావు ఎవరినీ ఏమీ అనలేదు. లుంగీ ఎగగట్టి తనే నీళ్లలోకి దిగాడు. ఏసుకుమార్ కూడా దిగి వల రెండో కొస పట్టుకున్నాడు. వేలెడు లేని రొయ్యలు వలలో గిలగిల్లాడాయి. ఏసుకుమార్ ఏడుస్తుంటే తాతారావు, ఊరుకోరా, చెరువే కదా, మళ్లీ సీడ్ వేసుకుందాం అన్నాడు. గట్టెక్కాక మంచినీళ్లు అడిగాడు. లక్ష్మీదుర్గ తెచ్చేలోపు కూలబడిపోయాడు. ఆటోలో ఏసుకుమార్ ఒళ్లో పడుకోబెట్టి ఏలూరు తీసుకెళ్లారు. ఆసుపత్రి మెట్ల దగ్గర డాక్టరు చెయ్యి పట్టుకు చూసి, ఆలస్యం అయిందండీ అన్నాడు.

కర్మకాండలన్నీ అయ్యేదాకా ఏసుకుమార్ ఆ ఇంటి చుట్టూనే తిరిగాడు. షామియానా వేయించాడు, వచ్చినవాళ్లకి నీళ్లందించాడు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ పలకరించలేదు. ఆ తర్వాత ఇంటికొచ్చి మంచం మీద పడుకుండిపోయాడు. తల్లి ప్రభావతమ్మ కంచం పెట్టి ఎంత అడిగినా లేవలేదు. జాయ్సీకి ఫోన్ చేసి, నువ్వొస్తేనన్నా తింటాడేమో రా తల్లీ అంది.

జాయ్సీ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుంది. తప్పంతా నాది, ఆ భాష నాది, నాకు తెలిసుండాల్సింది అని మొదలుపెట్టింది. గుండ్రంగా తిరిగిన హామీల గురించి చెప్పింది. అమెరికాలో ఇళ్ల అప్పులతో మునిగిన బ్యాంకుల్లో కూడా ఇలాగే జరిగిందని, ఒక్కొక్క కాగితం బాగున్నట్టే ఉండి అన్నీ కలిసి కూలాయని, అవన్నీ చదివి కూడా తను చూడలేకపోయానని చెప్పింది. అతను గోడ వైపు తిరిగి వింటూ ఉన్నాడు. ఆమె ఆగాక అప్పుడు మాట్లాడాడు.

"నాకు అర్థం కాలేదనుకుంటున్నావా? అర్థమయ్యే పెట్టాను సంతకం. ధర పడితే వాడి చెరువుకి వస్తారని నాకు తెలుసు. నేనే వాడికి చదివి వినిపించాను. అర్థం కాకపోయుంటే బాగుండేదే, జాయ్సీ. ఎవడో మోసం చేశాడనుకుని వాణ్ణి తిట్టుకుంటూ బతికేవాణ్ణి."

కాసేపటికి అతను లేచి కూర్చుని, అమ్మ బాధపడుతోందని రెండు ముద్దలు తిన్నాడు. మరుసటి వారం ఒడిశాలో ఎక్కడో రొయ్య పిల్లల హేచరీలో పని ఉందని వెళ్లిపోయాడు. తాతారావు గట్టు కనిపించే ఊళ్లో ఉండలేనని తల్లితో చెప్పాడట. జాయ్సీకి చెప్పకుండానే బస్సెక్కాడు.

ఆమె ఉద్యోగం మానలేదు వెంటనే. తేటని బాగుచేయాలనుకుంది. తిండీ నిద్రా లేకుండా దాని మీదే కూర్చుంది. ఒప్పందాలన్నిటినీ ఒక్కటిగా చూసే పరీక్ష ఒకటి రాసింది. ఎవరు ఎవరి మీద ఆనుకుని ఉన్నారో, ఎక్కడ ఒక్కరు పడితే ఎంతమంది పడతారో అది ముందే చెప్పేస్తుంది. ఈసారి ప్రమాదం వస్తుంటే అందరికీ కనిపిస్తుంది అని ప్రసాదరావుగారికి చూపించింది. ఆయన నిజంగానే సంతోషించారు. ఇలాంటిది ముందే ఉంటే తాతారావు బతికేవాడమ్మా అన్నారు.

ఆ పరీక్షని కంపెనీ తీసుకుంది. కానీ రైతులకి చూపించలేదు. తర్వాతి పంటలో ఒక వైపు చెరువులకి తెగులు తగిలింది. ఆ వైపు హామీలు పడబోతున్నాయని పరీక్ష ముందుగానే చెప్పింది. కంపెనీ చడీచప్పుడు లేకుండా అక్కడి అప్పుల్ని ఒక చిన్న పొదుపు సొసైటీకి అమ్మేసి బయటపడింది. రెండు నెలల తర్వాత ఆ సొసైటీ తలుపులకి తాళం పడింది. అందులో దాచుకున్నవాళ్లలో సగం మంది కూలిపని చేసుకునేవాళ్లు.

జాయ్సీ ఆ సంగతి పేపర్లో చదివి తెలుసుకుంది. మొత్తం కనిపిస్తే అందరూ బతుకుతారని అనుకుంది ఆమె. ఆ మొత్తం ఎవరికి ముందు కనిపిస్తే వాళ్లు ముందు బయటికి పోతారు, అంతే జరిగేది. ఏ వాక్యం ఎలా రాయాలో ఆలోచించింది గానీ, దాన్ని ముందుగా చదివేది ఎవరో ఆమె ఆలోచించలేదు. ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చేసింది. ప్రసాదరావుగారు ఆపబోయి, ఆమె ముఖం చూసి ఊరుకున్నారు. తేట మాత్రం కంపెనీలోనే ఉండిపోయింది. ఉద్యోగంలో చేరినప్పుడే సంతకం పెట్టి ఇచ్చేసింది కాబట్టి అది ఆమెది కాదు.

తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం దొరికింది. పిల్లలకి ప్రోగ్రామింగ్ భాషలు ఎలా తయారవుతాయో చెబుతుంది. బాగా చెబుతుందని పేరు కూడా వచ్చింది. భాషలో ఏ మాటలు ఉండాలి అనే దగ్గరికి వచ్చేసరికి మాత్రం బోర్డు మీద శీర్షిక రాసి, కిటికీ వైపు చూస్తూ నిలబడిపోతుందని పిల్లలు అనుకుంటారు.

లక్ష్మీదుర్గ ఊరు వదిలి పుట్టిల్లు గుండుగొలను వెళ్లిపోయిందని తల్లి చెప్పింది. జాయ్సీ చాలాసార్లు బస్సెక్కబోయి ఆగింది. చివరికి ఒక శనివారం కాలేజీ అయ్యాక వెళ్లింది.

హైవేకి కాస్త లోపల చిన్న డాబా ఇల్లు. లక్ష్మీదుర్గ కుట్టుమిషను ముందు ఉంది. జాయ్సీని చూసి లేచి నిలబడింది. చిక్కిపోయి ఉంది. వదినా అంటూ జాయ్సీ గుమ్మం దగ్గర చెప్పులు విప్పింది.

"రండి. కూర్చోండి" అంది లక్ష్మీదుర్గ.

పదేళ్లుగా నువ్వు అనే మనిషి. ఏవే జాయ్సీ, ఎండిపోయావేంటే అని జుట్టు సవరించే మనిషి. ఆ రండి విన్నాక జాయ్సీకి ఇంక చెప్పాలనుకున్నవేవీ గుర్తు రాలేదు. లక్ష్మీదుర్గ లోపలికి వెళ్లి కాఫీ తెచ్చి ఇచ్చింది. ప్రభావతమ్మగారు బాగున్నారా అని అడిగింది. కాలేజీ ఎలా ఉందని అడిగింది. ఏసుకుమార్ గురించి అడగలేదు. కాఫీ తాగడం అయ్యేదాకా ఇద్దరూ అలా కూర్చున్నారు. గ్లాసు తీసుకుంటూ లక్ష్మీదుర్గ నెమ్మదిగా అంది.

"మీ మీద నాకేం కోపం లేదండీ. మీరంతా మంచివాళ్లే. ఆయన కూడా అదే అనేవారు. కానీ మిమ్మల్ని చూస్తే ఆ వల కనిపిస్తోంది నాకు. ఇంక రాకండి."

జాయ్సీ తలూపింది. చెప్పులు వేసుకుంటుంటే బకిల్ పడలేదు. లక్ష్మీదుర్గ వంగి సాయం చేయబోయి, మధ్యలో ఆగి, వెనక్కి జరిగి గుమ్మం పట్టుకు నిలబడింది.

హైవే మీదికి వచ్చేసరికి పొద్దు పడమటికి వాలింది. బస్‌స్టాప్ రేకు కింద నిలబడి ఉండగా ఫోన్ మోగింది. ఏసుకుమార్. వెళ్లాక ఇన్నాళ్లకి అతను తనంతట తాను చేయడం అదే మొదటిసారి. అమ్మ చెప్పింది, గుండుగొలను వెళ్లావంట కదా అన్నాడు.

"ఇప్పుడే బయల్దేరానన్నయ్యా."

"ఏమంది?"

లారీలు వరసగా పోతున్నాయి. జాయ్సీ రెండో చెవి మూసుకుంది.

"కాఫీ ఇచ్చింది" అంది.

అవతల హేచరీలో మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"కాఫీ ఇచ్చిందా" అన్నాడు. గొంతు మారింది అతనిది. "అయితే నేను కూడా ఒకసారి వచ్చి చూసి వెళ్లొచ్చంటావా? దూరం నుంచైనా పర్లేదు. నువ్వేమంటావు?"

జాయ్సీ రోడ్డు అటూ ఇటూ చూసింది.

"బస్సొస్తోంది అన్నయ్యా, మళ్లీ చేస్తాను" అని ఫోన్ పెట్టేసింది.

కనుచూపు మేరలో బస్సేమీ లేదు. ఆమె రేకు స్తంభానికి ఆనుకుని, కొంగుతో ముఖం మూసుకుని, చాలాసేపు అలాగే నిలబడిపోయింది.